ఏడు వందల ఇరవై చుట్లు

మా మామయ్యకు ఏడు వాచీలు ఉండేవి. పెట్టుకోవడానికి ఎడమ చెయ్యి మాత్రం ఒక్కటే. ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

ఆయన అమ్మకు తమ్ముడు. వయసు యాభై ఒకటి, పెళ్ళి కాలేదు, వీధి మలుపులో కళ్ళజోళ్ళ షాపు. మా ఇంట్లో కింద అమ్మ బేకరీ, మధ్య అంతస్తులో అమ్మా నేనూ, పైన ఒంటిగదిలో మామయ్య ఉంటాం. నాన్న ఓడలో వంటవాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ళ మీదే ఉంటాడు కాబట్టి, జరిగినదంతా ఫోనులో విని నవ్వడం తప్ప ఇందులో ఆయన చేసిందేమీ లేదు. నేను ఊరి చివర వినోదాల పార్కులో జెయింట్ వీల్ మెకానిక్‌ని. ఎవరైనా అడిగితే అమ్మ "మా అమ్మాయి అక్కడ చక్రం తిప్పుతుంది" అని చెబుతుంది, నేనేదో ప్రభుత్వాలు మారుస్తున్నట్టు.

మామయ్య వాచీలు ఏడూ ఆటోమేటిక్‌వే, ఏడూ పాతవే. పాత సామాన్ల కొట్లలో మూలన పడి ఉన్నవాటిని ఏరి తెచ్చి ప్రాణం పోయించాడు. వారంలో రోజుకొకటి. సోమవారానికి నల్ల డయలుది, మంగళవారానికి నీళ్ళలో దిగేవాళ్ళు పెట్టుకునే బరువైనది, అలా వరసగా. ఆదివారానిది అన్నిటికన్నా గారాబం ఎక్కువైనది. టైముతో పాటు తేదీ, వారం, నెల చూపిస్తుంది. ఆకాశంలో చంద్రుడు ఎంత మిగిలాడో కూడా చూపిస్తుంది.

ఆటోమేటిక్ వాచీకి బ్యాటరీ ఉండదు. లోపల అర్ధచంద్రం ఆకారంలో ఒక బరువు బిళ్ళ ఉంటుంది. చెయ్యి ఊగినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగుకు కీ ఇస్తుంది. చేతికి ఉన్నంతకాలం నడుస్తుంది, తీసి బల్ల మీద పెడితే రెండో రోజుకల్లా నిద్రపోతుంది. అందుకని మామయ్య ఏ పొద్దున ఏ వాచీ తీసినా అది ఆగిపోయే ఉండేది. దానికి కీ ఇచ్చి, టైము కలిపి, తేదీ దిద్దేసరికి కాఫీ చల్లారేది. ఆదివారం దానికైతే అరగంట. చంద్రుణ్ణి ఒక్క గడి ఎక్కువ జరిపితే మళ్ళీ నెలంతా చుట్టి రావాలి. బడికి పోనని ముసుగు తన్నిన పిల్లల్ని లేపినట్టు లేపుతాడని అమ్మ అనేది.

ఒక సోమవారం ఆయన నల్ల డయలు వాచీని పన్నెండు గంటల తేడాతో కలిపాడు. ముళ్ళు సరిగ్గానే ఉన్నాయి గానీ, అర్ధరాత్రి మారాల్సిన తేదీ మిట్టమధ్యాహ్నం మారిపోయింది. ఆ పూట వచ్చినవాళ్ళందరికీ గురువారం పదిహేనో తారీఖున కళ్ళజోళ్ళు తీసుకోమని రశీదులు రాసిచ్చాడు. గురువారం వచ్చింది గానీ అది పద్నాలుగు. వారం చూసుకుని కొందరు ముందు రోజు వచ్చారు. తేదీ చూసుకున్నవాళ్ళు మర్నాడు వచ్చారు. రెండు రోజులూ మామయ్య ఎవరికి క్షమాపణ చెప్పాలో తెలియక అందరికీ చెప్పాడు. ఆ శుక్రవారం సాయంత్రమే వైండర్ కొనాలని నిర్ణయించాడు.

వైండర్ అంటే వాచీలను తిప్పే పెట్టె. చేతికి పెట్టుకోని వాచీని అందులో మెత్త మీద తొడిగితే, చిన్న మోటారు దాన్ని అప్పుడప్పుడు తిప్పుతూ ఆగకుండా చూస్తుంది. మామయ్య ప్రకటన చూసి ఒకటి తెప్పించాడు. నాలుగు వాచీలు పట్టేది. అద్దాల మూత, లోపల మఖమలు, నీలం దీపం. చూడ్డానికి చిన్న రాజభవనంలా ఉంది. దాని గొంతే బాగాలేదు. మొదటి రోజే అమ్మ చీపురు పట్టుకుని పైకి పరుగెత్తింది, పైన ఎలుక దూరి చెక్క కొరుకుతోందని. మూడో రోజుకు ఒక వాచీ మెత్త మీది నుంచి జారి డబ్బాలో గులకరాయిలా దొర్లడం మొదలుపెట్టింది. మిగతా మూడింటిలో రెండు హాయిగా తిరుగుతూనే ఆగిపోయి ఉన్నాయి.

మామయ్య పెట్టె చంకన పెట్టుకుని వీధి దాటి గడియారాలావిడ దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడను వీధంతా అలాగే పిలుస్తుంది. నలభై ఏడో నలభై ఎనిమిదో ఉంటాయి. భర్త పోయి ఎనిమిదేళ్ళు. పని నేర్పింది వాళ్ళ నాన్న, షాపూ ఆయనదే. రైలు పెట్టెలో నడవా అంత వెడల్పు ఉంటుంది. ఒక గోడ నిండా గడియారాలు. ప్రతిదీ ఏదో ఒక పరీక్షలో ఉంటుంది కాబట్టి ఏ రెండూ ఒకే టైము చూపించవు. నుదుటి మీదికి తోసిన భూతద్దంతో, తక్కువ మాటలతో ఆవిడ అక్కడ కూర్చుంటుంది. వీటిలో ఏది సరైన టైమని మామయ్య మర్యాదకు అడిగితే, ఏదీ కాదని చెప్పి మళ్ళీ పనిలో పడిందట. తొమ్మిదేళ్ళుగా ఎదురెదురు షాపుల్లో ఉండి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అదే. ఆమె షాపులోకి వెళ్ళడానికి ఆయనకు ఎప్పుడూ కారణం దొరకలేదు. వాచీలు వేరే ఎక్కడో బాగుచేయించుకునేవాడు, అంత దగ్గర్లో అడగడానికి మొహమాటపడి.

ఆవిడ పెట్టె మూత తీసి, ఒకసారి తిప్పి, ఆపింది.

"పెట్టెను తిట్టి లాభం లేదండీ. దీనికి మీ వాచీల సంగతి తెలీదు. నన్నడిగితే మీకూ తెలీదు."

తరువాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ వాచీకి రోజుకు ఎన్ని చుట్లు కావాలి? ఏది కుడికి తిరిగితే కీ ఎక్కుతుంది, ఏది ఎడమకు, ఏది ఎటైనా? చాలా వాచీలకు రోజుకు ఆరేడు వందల చుట్లు సరిపోతాయని ఆవిడే చెప్పింది. కుడివైపు మాత్రమే కీ ఎక్కేదాన్ని రోజంతా ఎడమకు తిప్పినా అది ఆకలితోనే ఉంటుంది. ఈ పెట్టె ఒకే దిక్కుకు, అదీ ఆగకుండా తిరుగుతోంది. పూర్తిగా కీ ఎక్కాక స్ప్రింగు జారుతుంది కాబట్టి తెగిపోదు, కానీ లోపలి భాగాలు ఊరికే అరుగుతాయి. మంచి పెట్టె అయితే కాసేపు తిరిగి కాసేపు ఆగాలి, దిక్కు మార్చుకునే వీలుండాలి, చుట్ల లెక్క పెట్టుకోనివ్వాలి, మెత్త వాచీని గట్టిగా పట్టుకోవాలి గానీ పట్టీని సాగదీయకూడదు. మోటారు గొణగకూడదు. ఆగిన వాచీని నేరుగా పెట్టెలో పడెయ్యకూడదు, ముందు చేత్తో కాస్త కీ ఇవ్వాలి, ఎందుకంటే పెట్టె ఉన్నదాన్ని నిలబెడుతుంది తప్ప మొదట్నుంచి నింపదు.

మామయ్య ఇంటికొచ్చి భోజనం దగ్గర ఇదంతా మాకు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. మధ్యలో మూడుసార్లు "ఆవిడ ఎంత బాగా చెప్పిందనుకున్నావు అక్కా" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను కంచంలోకి చూసుకున్నాను.

ఏడు వాచీలనూ రోజుకొకటి చొప్పున తీసుకెళ్ళి చూపించాలని అనుకున్నారు. వారంలో తేలిపోవాలి. తొమ్మిది వారాలు పట్టింది.

ఎలా పట్టిందో నేను కళ్ళారా చూశాను. మామయ్య రకరకాల వైండర్ల బొమ్మల కాగితాలు తెప్పించేవాడు. రెండు వాచీలు పట్టేవి, ఆరు పట్టేవి, చెక్కవి, తోలువి. మధ్యాహ్నం ఒక కాగితం పట్టుకుని వీధి దాటేవాడు, సాయంత్రం దాని మీదే ఇంకో సందేహంతో మళ్ళీ దాటేవాడు. ఇస్త్రీ అంటే గిట్టని మనిషి చొక్కా కాలర్లకు గంజి పెట్టడం మొదలుపెట్టాడు. షాపులో కళ్ళు పరీక్షించే కుర్చీని ఇటు నుంచి అటు మార్చి, అక్షరాల పట్టికను వెనక గోడకు కొట్టించాడు. వెలుతురు బాగుంటుందట. ఇప్పుడు పరీక్ష చేస్తూ ఆయన తలెత్తితే ఎదురుగా గడియారాల షాపు కిటికీ కనిపిస్తుంది. ఒకసారి పెద్దావిడ ఒకామె కూర్చుని ఉంది. మామయ్య అద్దాలు మారుస్తూ ఒకటో నంబరు బాగుందా రెండో నంబరు బాగుందా అని అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోపే ఆయనే "రెండోదే నయం, రెండు దిక్కులా తిరుగుతుంది" అన్నాడు. పెద్దావిడ భయపడి కళ్ళు తిరగడానికి మందు అడిగింది.

అమ్మ ఒక రోజు పిండి పిసుకుతూ తమ్ముణ్ణి నిలదీసింది. ఇల్లు కొనడానికి కూడా మనం ఇన్ని రోజులు చూసుకోలేదు కదరా అని. మామయ్య చాలా గంభీరంగా, తొందరపడి కొంటే ఏమయిందో చూశావుగా అక్కా, అన్నాడు. ఆయన మెట్లెక్కాక అమ్మ పిండి ముద్దను బల్లకేసి కొట్టి నాతో అంది.

"ఊరందరి చూపూ సరిచేస్తాడు. ముక్కు కింద ఉన్నది వీడికి కనబడదు. నువ్వేమైనా చెయ్యవే."

నేను చేసింది తెలివితక్కువ పని, కానీ మేలు దాని వల్లే జరిగింది. మామయ్య మంగళవారం వాచీని అడిగి తీసుకుని, చేత్తో కాస్త మాత్రమే కీ ఇచ్చి, పొద్దున మా జెయింట్ వీల్ తొట్టిలో ఒక కమ్మీకి తగిలించాను. రోజంతా తిరిగే చక్రం ఊళ్ళో నా చేతిలో ఉండగా మోటారు పెట్టెలెందుకు అనుకున్నాను. సాయంత్రం చూస్తే వాచీ ఎప్పుడో ఆగిపోయింది. దాన్ని నేనే పాడుచేశాననుకున్నాను. పని బట్టలతోనే గడియారాలావిడ దగ్గరికి పరుగెత్తాను. మామయ్య అక్కడే ఉన్నాడు, చేతిలో తోలు పెట్టె బొమ్మతో.

నేను చెప్పింది విని ఆవిడ ముందు పెదవులు బిగించింది. తరువాత భుజాలు కదిలాయి. తరువాత భూతద్దం నుదుటి మీది నుంచి జారి బల్ల మీద పడింది. ఆ షాపులో ఆవిడ నవ్వడం మామయ్య అంతవరకు చూడలేదు.

"నీ వాచీ రోజంతా పైకెళ్ళి ఊరు చూసొచ్చిందమ్మా. తను మాత్రం తిరగలేదు" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "తొట్టి ఎప్పుడూ నిటారుగానే వేలాడుతుంది కదా. లోపలి బిళ్ళ కదలాలంటే వాచీ తలకిందులు కావాలి. చక్రం చువ్వకే కట్టి ఉంటే అయ్యేది."

అనేసి ఒక్క క్షణం ఆగింది. కాగితం లాక్కుని చక్రం బొమ్మ గీసింది. చక్రానికి ముందు వైపు చువ్వ మీద కడితే వాచీ కుడికి తిరుగుతుంది. అదే చక్రానికి వెనక వైపు, ముఖం వెనక్కి పెట్టి కడితే ఎడమకు తిరుగుతుంది. ఒకే చక్రం, రెండు దిక్కులు. ఏ వాచీకి ఎటు కీ ఎక్కుతుందో ఒక్క పూటలో తేలిపోతుంది. చుట్టుకు ఎంతసేపు పడుతుందని నన్నడిగింది. ఇరవై సెకన్లు అన్నాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"నాలుగు గంటలు తిప్పితే ఏడు వందల ఇరవై. చక్కగా సరిపోతుంది."

అయితే కట్టేద్దాం అన్నాడు మామయ్య, ఎత్తంటే బాల్కనీలో కూడా గోడ పట్టుకుని నిలబడే మామయ్య.

అదృష్టం కొద్దీ మా పార్కులో ఏడాదికోసారి చేసే పరీక్ష ఆ వారంలోనే ఉంది. ఆ రోజు జనానికి సెలవు. పొద్దున ఇసుక బస్తాలతో చక్రం తిప్పుతాం. తరువాత సరిగ్గా నాలుగు గంటలు ఆపకుండా తిప్పుతాం. అప్పుడు ఒక తొట్టిలో ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చుని ఎక్కడ ఏ చప్పుడు వచ్చినా, ఎక్కడ ఏది కదిలినా కాగితం మీద రాయాలి. ఆ పనికి మాలో ఎవ్వరూ ముందుకు రారు. క్రితం ఏడు కూర్చున్నవాళ్ళు రెండు రోజులు గోడలు పట్టుకుని నడిచారు. ఈసారి ఇద్దరు దొరికారని, ఒకరికి కళ్ళు పనిముట్లు, ఒకరికి చెవులు పనిముట్లు అని చెబితే మా సూపర్‌వైజరు గారు నా తలమీద చెయ్యి పెట్టినంత పని చేశారు. వాచీల సంగతి కూడా చెప్పాను. చువ్వలకు దెబ్బ తగలకుండా కట్టుకోమన్నారు.

ఆ పొద్దున వాళ్ళిద్దరూ రావడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మామయ్య గంజి చొక్కా ఫెళఫెళమంటోంది. ఆవిడ పనిదుస్తుల మీద ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుంది. చేతిలో ఏడు వాచీల డబ్బా, మెత్తటి స్పాంజి ముక్కలు. నాలుగు వాచీలు చక్రానికి ముందు వైపు, మూడు వెనక వైపు కట్టాం. ప్రతిదానికీ ఆవిడే పట్టీ బిగించి, వేలితో కదిపి చూసి, పసిపిల్లలకు జాగ్రత్తలు చెప్పినట్టు చిన్నగా ఏదో చెప్పి వదిలింది. బస్తాల పరీక్ష అయ్యాక ఇద్దరూ ఏడో తొట్టిలో ఎదురెదురుగా కూర్చున్నారు. నేను మీట దించాను.

మొదటి ఇరవై చుట్లూ మామయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఏడో తొట్టి కిందికి వచ్చినప్పుడల్లా ఆవిడ నిశ్చింతగా కాగితం మీద రాసుకుంటూ కనబడేది, ఆయన ప్రార్థన చేస్తున్నట్టు కనబడేవాడు. ముప్పైయో చుట్టులో ఒక కన్ను తెరిచాడు. నలభైయో చుట్టులో రెండూ తెరిచాడు. అరవైకి వచ్చేసరికి దూరంగా మన వీధి, రెండు షాపుల కప్పులూ కనబడుతున్నాయని నాకు పైనుంచి కేకేసి చెబుతున్నాడు. నేను వేదిక మీద కూర్చుని చుట్లు లెక్కపెడుతూ పలక మీద గీతలు గీస్తున్నాను.

రెండు వందల నలభై దాటాక ఆవిడ కిందికి వస్తూ, పదకొండో తొట్టి దగ్గర ఏదో పన్ను కొరుకుతోందమ్మా అంది. తరువాతి చుట్టులో, బరువు దిగేటప్పుడు మాత్రమే అంది. ఆ తరువాతి చుట్టులో, చప్పుడు కాదు, చప్పుడుకు ముందు వచ్చే గరగర అంది. చక్రం ఆపాను. వాళ్ళిద్దరూ దిగారు. సూపర్‌వైజరు గారు పదకొండో తొట్టిని కిందికి తెప్పించి, స్క్రూడ్రైవరు చెవికి ఆనించి విన్నారు. ఏమీ లేదన్నారు. నేను విన్నాను, నాకూ వినబడలేదు. ఆవిడ ఒక చెక్క పుల్ల అడిగి, ఒక కొస బేరింగు మూతకు, ఇంకో కొస తన చెవికి పెట్టుకుని, ఇక్కడే అని వేలు పెట్టి చూపించింది.

మూత విప్పాం. లోపల ఉక్కు గోళీల్లో ఒకటి పెచ్చు ఊడి ఉంది. దాని పక్కదానికి సన్నటి చీలిక. వచ్చే నెల సెలవుల్లో తొట్టికి నలుగురేసి చొప్పున జనంతో తిరిగే చక్రం అది. సూపర్‌వైజరు గారి ముఖం ముందు తెల్లబడి తరువాత ఎర్రబడింది. ఆయన టోపీ తీసి, ఏమనాలో తెలియక, మా దగ్గర ఉద్యోగం చేస్తారా అని ఆవిణ్ణి అడిగారు. నాకు గోడ నిండా పని ఉందండీ అని చెప్పి ఆవిడ చేతులు తుడుచుకుంది. మామయ్య ఆవిడ వైపు చూసిన చూపు చూసి నేను రెంచి కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

కొత్త బేరింగు వేసి, మిగతావన్నీ విప్పి చూసి, ఖాళీగా ఒకసారి తిప్పి సరిచూసేసరికి రెండు గంటలు పట్టింది. మీరు చెయ్యాల్సినదానికన్నా ఎక్కువే చేశారు, ఇక ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి, మిగతా చుట్లకు మావాళ్ళు కూర్చుంటారని సూపర్‌వైజరు గారు మర్యాదగా చెప్పారు.

"ఇంకా నాలుగు వందల డెబ్బై ఉన్నాయండీ" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అని ఒకరినొకరు చూసుకుని, చెప్పాపెట్టకుండా వెళ్ళి ఏడో తొట్టిలో కూర్చున్నారు. ఈసారి ఎదురెదురుగా కాదు, ఒకే వైపు.

ఇక అక్కడి నుంచి నాకు వాళ్ళ మాటలు ఇరవై సెకన్లకొకటి చొప్పున వినబడ్డాయి. తొట్టి వేదిక పక్కగా వచ్చినప్పుడు ఒక ముక్క, పైకెళ్ళిపోతే అంతే సంగతులు. మధ్యలో ఏమన్నారో మామయ్య తరువాత చెప్పాడు కాబట్టి కలిపి చెబుతున్నాను.

ఐదు వందలు దాటాక, ఇన్నాళ్ళూ చూసినవాటిలో చివరికి ఏ పెట్టె కొనమంటారని మామయ్య అడిగాడు. ఒక్క వాచీ పట్టే చిన్న పెట్టె చాలునని ఆవిడ చెప్పింది. అదీ చంద్రుడున్న ఆదివారం వాచీకి, దాన్ని మళ్ళీ కలపడం కష్టం కాబట్టి. మిగతా ఆరూ ఆగితే ఆగనివ్వండి, ఆగినందువల్ల వాటికేమీ కాదు, పెట్టుకునే ముందు కీ ఇచ్చి టైము కలిపితే సరి, అంది. ఆ చుట్టులో మామయ్య ముఖం చూసి నేను ఎవరికో బాగోలేదనే కబురు వచ్చిందనుకున్నాను. సందేహం తీరిపోయిన మనిషి అంత దిగాలుపడడం నేనెన్నడూ చూడలేదు.

తరువాతి చుట్టులో ఆయన గొంతు వినబడింది. "ఈ సంగతి మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

తొట్టి పైకెళ్ళిపోయింది. ఇరవై సెకన్లు ఇంత పొడుగుంటాయని నాకప్పుడే తెలిసింది. కిందికి వచ్చేసరికి ఆవిడ తల వంచుకుని ఉంది. రెండో వారం నుంచి అందట.

నేను గీత గియ్యడం మరిచిపోయాను. వేదిక అంచుకు వెళ్ళి నిలబడ్డాను. ఇంకో చుట్టు. ఆవిడే చెబుతోంది, ఏ వాచీకి ఎటు కీ ఎక్కుతుందో తెలుసుకోవడానికి ఈ చక్రమూ అక్కర్లేదని, వెనక మూత తీసి బిళ్ళను వేలితో తిప్పితే పది నిమిషాల్లో తెలుస్తుందని.

"మరి మూత ఎందుకు తియ్యలేదు?"

"మీరు తియ్యమనలేదుగా."

మళ్ళీ పైకి. నేను మెడ వెనక్కి వంచి చూస్తున్నాను గానీ పైన రెండు తలలు తప్ప ఏమీ కనబడలేదు. దిగి వచ్చేసరికి మామయ్య చెవులు ఎర్రగా కంది ఉన్నాయి.

"నాకూ తెలుసండీ. మొదటి రోజే ఇంటికెళ్ళి పుస్తకంలో చూశాను."

ఆ తరువాత ఆరేడు చుట్లు మాటలు లేవు. ఇద్దరూ నవ్వుతున్నారు. మొదట చేతులు అడ్డం పెట్టుకుని, తరువాత ఆ మర్యాద కూడా లేకుండా, పొట్టలు పట్టుకుని. తొట్టి ఊగిపోతోంది. సూపర్‌వైజరు గారు గదిలోంచి బయటికొచ్చి, ఆ చప్పుడు ఏ బేరింగుదని నన్నడిగారు. కొత్తదేనండీ, బాగానే తిరుగుతోంది అన్నాను. నాకూ నవ్వు ఆగడం లేదు. ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండానే ఆయనా అందుకున్నారు.

ఆరు వందల యాభై ప్రాంతంలో గాలి పెరిగింది. ఆవిడ స్వెట్టరు బొత్తాలు పెట్టుకుంటుంటే మామయ్య అడిగేశాడు. ఈ ఒక్కటీ నాకు తొట్టి సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడే వినబడింది.

"పెట్టె తేలిపోయింది. వాచీలూ తేలిపోయాయి. రేపటి నుంచి నేనేం సాకు చెప్పుకుని రావాలి?"

జవాబు కోసం నేను ఇంకో ఇరవై సెకన్లు ఆగాలి. మీట దగ్గర చెయ్యి పెట్టుకుని, చక్రాన్ని కాస్త తొందరగా తిప్పుదామా అన్న పాడు ఆలోచనను అణుచుకున్నాను. నిబంధనలు నిబంధనలే. తొట్టి తన తీరికలో తాను దిగింది. ఆవిడ ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"సాకులెందుకు, ఊరికే రండి. వచ్చాక మాత్రం ఊరికే వెళ్ళిపోకండి."

ఏడు వందల ఇరవై అయ్యాయి. ఆపనా అని అరిచాను. మామయ్య ఒక వేలు చూపించాడు, ఇంకొక్కటి అని. ఆ తరువాత మళ్ళీ ఒక వేలు. అలా ఎనిమిది చుట్లు ఎక్కువ తిరిగారు. కాగితాల మీద నేను ఏడు వందల ఇరవై అనే రాశాను.

దిగాక ఇద్దరికీ నేల నిలబడలేదు. మామయ్య తిన్నగా గేటు వైపు బయలుదేరి తిన్నగా పూలమొక్కల్లోకి వెళ్ళాడు. ఆవిడ ఆయన్ని పట్టుకోబోయి టిక్కెట్ల గది గోడకు నమస్కారం పెట్టినంత దగ్గరగా ఆగింది. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఒకరు ఎడమకు లాగుతుంటే ఒకరు కుడికి లాగుతూ, మొత్తం మీద నేరుగానే నడుచుకుంటూ బస్సు ఎక్కారు. చువ్వలకు కట్టిన ఏడు వాచీలూ వాళ్ళకు గుర్తు లేవు. నేనే విప్పి జేబుల్లో వేసుకున్నాను. ఐదు నడుస్తున్నాయి, రెండు పడుకుని ఉన్నాయి. ఆ రెండూ వెనక వైపు కట్టినవి.

నేను ఇంటికొచ్చేసరికి వాళ్ళిద్దరూ బేకరీలో కుర్చీలకు అతుక్కుని కూర్చుని ఉన్నారు, గది ఇంకా తిరుగుతోందని. మామయ్య అక్కకు సంగతి చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు వైండర్ దగ్గరికే వెళ్ళిపోయాడు. చివరికి ఆవిడే చెప్పింది, ఒక్క ముక్కలో. అమ్మ పిండి చేతులతోనే ఇద్దరి చెంపలూ పట్టుకుంది. తరువాత పొయ్యి దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి, చాలాసేపు రొట్టెలు సర్దింది. సర్దాల్సిన రొట్టెలు అక్కడ ఏమీ లేవు.

చిన్న పెట్టె కొనడానికి ఒక్క పూట పట్టింది. నల్లటిది, ఒక్క వాచీ పట్టేది. కుడికి కాసేపు, ఎడమకు కాసేపు తిరిగి ఊపిరి తీసుకుంటుంది. చెవి ఆనించినా వినబడదు. ఆదివారం వాచీ అందులో ఉంటుంది. మిగతావాటిని మామయ్య ఆగనిస్తున్నాడు. వరస కూడా తప్పింది, ఏ రోజు ఏది చేతికి దొరికితే అదే.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో అయింది, ఒక బుధవారం మధ్యాహ్నం. గుమాస్తా కాగితాలు ముందు పెట్టి ఇక్కడ చెయ్యండి అని చూపించాడు. మామయ్య పెన్ను పట్టుకుని ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కళ్ళు పక్కకు తిప్పుకుంది గానీ అప్పటికే ఆలస్యమయింది. ఆయనకు నవ్వొచ్చి సంతకం కాగితం అంచు దాటి బల్ల మీదికి పాకింది. గుమాస్తా ఇంకో కాగితం తెచ్చాడు. ఈసారి ఆవిడ వంతు. మూడో కాగితం తెచ్చేటప్పుడు అతను కళ్ళజోడు సవరించుకుని, కాస్త పెద్దవాళ్ళలా ఉండండి అని బతిమాలాడు. బయట వరసలో ఉన్నవాళ్ళు విసుక్కోకుండా అమ్మ బుట్టలోంచి వేడి రొట్టెలు తీసి పంచుతోంది. లోపల ఏం జరుగుతోందని ఎవరో అడిగితే, మావాళ్ళు సంతకం పెట్టడం నేర్చుకుంటున్నారని చెప్పి ఇంకో రొట్టె చేతిలో పెట్టింది.